మూత బిగించొద్దు

తెల్లారుజాము బండి పోయాక
పాకాల జంక్షన్లో బుకింగ్ కిటికీ మూసి
రాత్రి డ్యూటీ కళ్లతోనే సైకిలెక్కాను.
దిలావర్ అప్పటికే వచ్చి
మోటార్లకు తీగ చుట్టే వేళ్లతో
నా చైను నొక్కి చూసి
"ఇంత బిగువు పనికిరాదు సామీ" అన్నాడు.

దామలచెరువు మండీలు మాఘంలో
తాళాలేసుకుని నిద్రపోతున్నాయి.
కాయ లేదు, లారీ లేదు,
కాటా పళ్లెంలో ముడుచుకున్న కుక్క ఒకటి,
ఎవరూ తూచని బరువు.
తోటల్లో మాత్రం పూత.
గాలి ఇటు తిరిగిందంటే
పచ్చితేనెలో మిరియం నలిపిన వాసన.

తర్వాత కల్లూరు.
పేరులోనే కల్లున్న ఊరు
మాకిచ్చింది రెండు టీలు, ఒక బన్ను.
"ఈతకల్లా? ఈడ యాడుండాది!
ఆ గుట్ట దాటి పోండి,
చెంగల్రాయుడని ఒకాయన..."
చెప్పినాయన చెయ్యి గుట్ట వైపు లేచింది,
చాలాసేపు కిందికి దిగలేదు.
అంత ఎత్తు.

మొదటి మలుపు నవ్వుతూ ఎక్కాం.
రెండోది మాటల్లేకుండా.
మూడో దగ్గర
సైకిల్ నన్ను మోస్తోందో
నేను దాన్ని మోస్తున్నానో
ఇద్దరికీ తెగని తగాదా.
చెరుకు ట్రాక్టరొకటి మమ్మల్ని దాటిపోతూ,
పైన కూచున్న పిల్లోడు
ఒక గడ విరిచి మా మీదికి విసిరాడు.
జాలో, ఎగతాళో.
నమిలి చూస్తే రెండూ తీపే.

గుట్ట వెనకాల ఈతవనం.
ఒక ఏడు ఈ పక్క గీత, మరో ఏడు ఆ పక్క గీత,
గీసి గీసి ప్రతి మానూ వంకరలు తిరిగి
మేమెక్కి వచ్చిన దారినే
నిట్టనిలువుగా నిలబెట్టినట్టుంది.
నడుముకు మోకుతో దిగొచ్చి
చెంగల్రాయుడు మా సైకిళ్లు చూశాడు.
"ఇదేం బండబ్బా, పెట్రోలు తాగదా?"
"దాని బదులు మేం తాగాల" అన్నాను.

మూడు ముంతలు.
బండ పక్క చెట్టుది
నీళ్లకు అల్లాడిన తీపి, నాలుక కొసనే ఆగింది.
వంకలో చెట్టుది పలచన,
గొంతు దిగాక గాని పేరు చెప్పలేదు.
చెరుకు గట్టు మీదిది
పక్కింటి కూర తిని పెరిగిన బిడ్డలా
ఎవరి రుచో ఎత్తుకొచ్చింది.
దిలావర్ తాగడు.
కళ్లు మూసుకుని వాసన చూసి
ఏ ముంత ఏ చెట్టుదో
మూడింటికి మూడూ చెప్పేశాడు.
కాలిన వాసన పట్టి
ఏ కాయిల్ పోయిందో చెప్పే ముక్కు మరి.

"తెల్లారి ఇది బిడ్డ.
మద్దేనానికి వియ్యంకుడు.
సందకాడ పోలీసు" అంటూ
చెంగల్రాయుడు లీటరు బాటిల్లో పోసిచ్చాడు.
"మూత బిగించొద్దబ్బా.
దానికీ ఊపిరుంటాది."

బిగించాను.
దిగుడులో చుక్క కూడా పోకూడదని.

దిగుడంటే
పొద్దుట్నుంచీ కాళ్లు దాచిపెట్టిన డబ్బంతా
గాలి ఒక్క గుక్కలో ఖర్చుపెట్టడం.
చొక్కా పొట్టంతా ఉబ్బి,
చెవుల్లో ఈల,
రాళ్లు, పొదలు, బర్రెలు, ఒక మైలురాయి
అన్నీ పైకి పోతున్నాయి, నేను తప్ప.
రెండో మలుపులో
వీపు మీద తుపాకీ పేలింది.
"టైరు!" అని అరిచి
దిలావర్ రెండు బ్రేకులూ పట్టేశాడు.
టైరు కాదు.
మెడ నుంచి నడుము దాకా నురగ,
సంచిలో మూత లేని బాటిలు,
అడుగున రెండు గుక్కలు.
అతని నవ్వు ఆగడానికి
ఒక బస్సు, రెండు ఆటోలు పోయేంత సేపు పట్టింది.

ఆ రాత్రి కిటికీ అవతల
రేణిగుంటకు ఒకటి అడిగిన పెద్దావిడ
టికెట్టు కన్నా ముందు నా మొహం చూసి
ముక్కెగబీల్చి, ఏమీ అనకుండా
చిల్లర మాత్రం రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

డ్యూటీ దిగి చూద్దును గదా,
గోడకానించిన సైకిల్ మీద చీమలు.
వెనక చక్రం దగ్గర బయల్దేరి
పుల్ల పుల్లా పట్టుకుని, చైను చుట్టి,
నిట్టెక్కుడు కడ్డీ మీద
ఒకదాని వెనకొకటి, తొందర లేకుండా
నిన్నటి గుట్ట ఎక్కుతున్నాయి.
చైను కొంచెం వదులు చేసి
అవి దిగేదాకా
పక్కనే గొంతుక్కూచున్నాను.